యాక్టింగ్ లేని కోచ్

ఒకరి కింద పనిచేస్తూ గెలుస్తున్న మనిషి, ఆ గెలుపును వదులుకుని, ఓడిపోయే జట్టుకైనా సరే పైవాడిగా వెళ్ళాలా వద్దా అని నన్నెవరైనా అడిగితే, వెళ్ళాలి అంటాను. చప్పున వెళ్ళాలి అంటాను. ఈ మాట ఆలోచించి చెబుతున్నది కాదు, ఒళ్ళు మండి చెబుతున్నది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

మా ఆయన నస్పూర్‌లో బొగ్గుగని కార్మికుడు. ఖానాపూర్ పక్క పల్లె నుంచి చదువుకోసం మిషన్ హాస్టల్‌కు వచ్చి, చదువు కంటే ఫుట్‌బాల్ ఎక్కువ నేర్చుకున్నాడు. నాది మెట్‌పల్లి, బడిలో పంతులమ్మను. రెండు ఇళ్ళూ మెథడిస్టు సంఘానివే కాబట్టి పెళ్ళి సంఘపెద్దలే కుదిర్చారు. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఒక్క ఆదివారం కూడా గుడి తప్పడు అని చెప్పారు. ఆరాధన కాగానే అదే బట్టలతో గ్రౌండుకు పరుగెత్తుతాడని, దీపాలు పెట్టేదాకా ఇంటి ముఖం చూడడని మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసి గని జట్టుకు అసిస్టెంట్ కోచ్ అయ్యాడు. హెడ్ కోచ్ ఒక ఆఫీసరు. మేమంతా ఆయన్ని సారు అనేవాళ్ళం. ఆయనకు ఆట తెలియదని నేననను, అట్లా అంటే కళ్ళు పోతాయి. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆయనకు బాగా తెలుసు. మ్యాచ్ ఉందంటే కుర్రాళ్ళను షిఫ్టు నుంచి విడిపించేది ఆయన మాటే. కానీ పొద్దున్నే వాళ్ళను లేపి గ్రౌండు చుట్టూ పరుగెత్తించేది మా ఆయన. తాగి పడుకున్న గోల్‌కీపర్ ఇంటికి పోయి, వాడి పెళ్ళాంతో తిట్లు తిని, వాడిని సైకిల్ మీద ఎక్కించుకుని తెచ్చేది మా ఆయన. ఇద్దరూ కలిసి ఆ జట్టును ఎంత ఎత్తుకు తీసుకుపోయారంటే, నస్పూర్ వాళ్ళతో మ్యాచ్ అంటే మిగతా గనుల వాళ్ళు మొదటే డీలా పడేవాళ్ళు. ఏటా కప్పు మాదే.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. బొగ్గుగనుల్లో పైవాడు సెలవు పెడితే కిందివాడు అతని పని చేస్తాడు. దాన్ని యాక్టింగ్ అంటారు. దానికి ఆర్డరు రాయించుకుంటారు. అట్లా కొంతకాలం యాక్టింగ్ చేసినవాడికి, ఆ పోస్టు ఖాళీ అయిన రోజున ఇది నాది అని అడిగే హక్కు వస్తుంది. అందుకే మా కాలనీలో యాక్టింగ్ కోసం కొట్లాడుకునేవాళ్ళు, యూనియన్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళు. ఎక్కడ హక్కు వస్తుందో అని ఇవ్వకుండా ఎగ్గొట్టే పైవాళ్ళూ ఉండేవాళ్ళు. పంపు తిప్పేవాడి దగ్గర నుంచి అందరికీ తెలిసిన సంగతి ఇది. మా ఆయన ఒక్కడికే పట్టలేదు.

ఒక ఏడు సరిగ్గా పోటీల ముందు సారుకు కామెర్లు వచ్చాయి. ఆయన మంచం దిగలేదు. సెమీఫైనల్, ఫైనల్ రెండూ మా ఆయనే ఆడించాడు, జట్టు గెలిచింది. సారు కోలుకున్నాక నవ్వుతూ అడిగారట, "ఏందయ్యా, నీకు యాక్టింగ్ ఆర్డర్ గీర్డర్ ఏమన్న రాపియ్యాల్నా?" అని. నవ్వుతూ అట్లా అడిగితే కావాలని ఎవడంటాడు? మా ఆయన అసలే మొహమాటస్థుడు. వద్దు సార్ అన్నాడు. అని ఊరుకోక, ఇంటికి వచ్చి అదేదో ఘనకార్యమైనట్టు నాకు చెప్పాడు.

"అందరు యాక్టింగ్ కోసం కాళ్ళు మొక్కుతున్నరు. నువ్వేమో ఇస్తానంటె వద్దంటవా?" అన్నాను.

"సారుకు నాకు నడుమ కాయిదాలెందుకే?" అన్నాడు.

ఆ తరువాత గోదావరి అవతల, కరీంనగర్ జిల్లా వైపు గని నుంచి ఇద్దరు స్కూటర్ మీద మా ఇంటికి వచ్చారు. వాళ్ళ జట్టుకు హెడ్ కోచ్ కావాలి. చాయ్ తాగుతూ వాళ్ళలో పెద్దాయన దాచకుండా చెప్పాడు: "మా జట్టు ముచ్చట నీకెరుకే. పోయినేడు ఒక్క మ్యాచ్ గెల్వలే. గంతకన్న కిందికి పోయేది లేదు. నువ్వొస్తె అంత నీ ఇష్టం, ఎవలు అడ్డం రారు." వాళ్ళు వెళ్ళిపోయాక మా ఆయన గూట్లోంచి పలక తీశాడు. దాని మీద సుద్దముక్కతో పదకొండు చుక్కలు పెట్టి, తుడిచి, మళ్ళీ పెడుతూ కూర్చున్నాడు. పెళ్ళయిన తరువాత ఆయనకు ఏదైనా కావాలి అనిపించడం నేను చూసింది అప్పుడే.

తెల్లవారేసరికి కాలనీ అంతా తెలిసిపోయింది. ఇక సలహాలు మొదలయ్యాయి. "గెలిసే కాడ ఉండక, ఓడే కాడికి పోతవా బిడ్డా? ఎవలన్న వింటె నవ్వుతరు" అన్నది మా అత్తమ్మ. సంఘపెద్ద వచ్చి, "దేవుడు పెట్టిన తావుల తృప్తిగ ఉండాలె" అన్నాడు. ఆ సంఘపెద్దే, ఆ పదవి తనకే మళ్ళీ రావాలని అంతకుముందు ఇల్లిల్లూ తిరిగిన మనిషి. ఆ మాట ఆయన ముఖం మీద అనేదాన్నే, అత్తమ్మ గుడ్లురిమి చూసింది.

చివరికి సారే మా ఇంటికి వచ్చారు. అంతకుముందు ఎన్నడూ మా గడప తొక్కలేదు. కుర్చీ వేస్తే కూర్చుని మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "నేనింక ఎన్నేండ్లు ఉంట చెప్పు? నా తర్వాత జట్టు నీదే గద. జర ఓపిక పట్టు" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పమ్మా" అన్నారు.

"గా మాట కమిటీ ముందట చెప్తరా సారూ?" అని అడిగాను.

"గిది చెప్పుడేందమ్మా, అందరికి ఎరుకే" అని నవ్వారు.

మా ఆయన కరిగిపోయాడు. సారు మన ఇంటిదాకా వచ్చిండు, కాదంటె ఎట్ల అన్నాడు. పలక గూట్లో పెట్టేశాడు. నేను రెండు రోజులు ముభావంగా ఉన్నాను. పట్టించుకునే నాథుడు లేడు.

కొంతకాలానికి సారుకు బదిలీ అయింది. హెడ్ కోచ్‌ను ఎంచడానికి కమిటీ కూర్చుంది, కమిటీలో సారు కూడా ఉన్నారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. విడిగా జట్టును నడిపిన అనుభవం ఉందా అని అడిగారు. సారుకు పానం బాగలేనప్పుడు ఫైనల్ నేనే ఆడిపిచ్చిన అని చెప్పాడు. యాక్టింగ్ చేసినవా అని అడిగారు. లేదన్నాడు. అప్పుడందరూ సారు వైపు చూశారట. సారు అన్న మాట ఇది: "శాన మంచి అసిస్టెంట్. గిసొంటి అసిస్టెంట్ ఎక్కడ దొరుకడు."

ఆ పొగడ్తకంటే చెంపదెబ్బ నయం.

ఎవరిని తెచ్చారో తెలుసా? గోదావరి అవతలి జట్టు కోచ్‌ను. మా ఆయన వద్దన్న కుర్చీలో కూర్చున్నవాడిని. ఆ జట్టు అప్పటికీ ఓడుతూనే ఉంది. అయితేనేం, ఆయన ఓడింది హెడ్ కోచ్‌గా కదా! గెలిచిన అసిస్టెంట్‌కు లేని అనుభవం ఓడిన హెడ్‌కు ఉందట. ఇది ఏ లోకపు న్యాయమో నాకు ఈ రోజుకూ అర్థం కాదు.

నేను ఊరుకోలేదు. కొంగు నడుముకు దోపి సారు క్వార్టర్‌కు వెళ్ళాను. సామాను కట్టిస్తున్నారు. నన్ను చూసి కుర్చీ తెప్పించారు. నేను కూర్చోలేదు.

"మా ఇంట్ల చెప్పిన మాట కమిటీ ముందట ఎందుకు చెప్పలే సారూ?"

"నేనేమన్న చెడ్డ చెప్పిన్నా అమ్మా? ఆయనంటె నాకు పానం."

"పానమైతె గా కుర్చీ ఎందుకు ఇప్పియ్యలే?"

ఆయన ఎంతో న్యాయమైన మాట చెబుతున్నట్టు నెమ్మదిగా అన్నారు: "నువ్వే ఆలోచించమ్మా. ఆయనను హెడ్ చేస్తె గా అసిస్టెంట్ పని ఎవలు చేస్తరు? జట్టు ఖరాబ్ గాదా?"

ఆయన అబద్ధమాడి ఉంటే తిట్టి వచ్చేదాన్ని. మనస్ఫూర్తిగా అన్నారు. అంటే మా ఆయన పని బాగా చేసినన్నాళ్ళూ అక్కడే ఉండాలి, చెడగొడితే అక్కడి నుంచి కూడా పోవాలి. దారంతా కోపంతో ఏడుస్తూనే ఇంటికి వచ్చాను.

ఆ వారంలోనే కొత్త కోచ్ మా ఇంటికి వచ్చాడు. వయసులో మా ఆయన కంటే చిన్న, మంచి మనిషి. వచ్చీ రాగానే మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు పక్కకు లేకుంటె నాతోని కాదు. నీకన్న నాకు ఎక్కువ ఎరుక లేదు" అన్నాడు. మా ఆయన తల ఊపుతాడని నాకు తెలుసు. ఎవరేమడిగినా ఊపుతాడు. వంటింట్లో గరిటె పట్టుకుని ఆ ఊపు కోసమే ఎదురుచూస్తున్నాను, ఊపిన మరుక్షణం బయటికి వచ్చి ఇద్దరినీ కడిగేద్దామని.

కానీ మా ఆయన అడిగింది వేరే మాట. "నీ పాత జట్టుకు ఇప్పుడు ఎవలున్నరు?"

"ఎవ్వలు లేరన్నా. ఎవలు ఒస్తరు గా జట్టుకు?"

"అయితె నేను పోత" అన్నాడు మా ఆయన.

గరిటె చేతిలోనే ఉండిపోయింది. సంతోషమో కోపమో కూడా తెలియలేదు. ఈ మాట ఆనాడే అని ఉంటే ఇంత అవమానం ఉండేదా అనుకున్నాను. అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. సంఘపెద్ద మళ్ళీ వచ్చాడు, ఈసారి నేను చాయ్ కూడా ఇవ్వలేదు.

బదిలీ రాయించుకుని గోదావరి దాటాం. క్వార్టర్ చిన్నది, వాన పడితే కురిసేది. అక్కడి కుర్రాళ్ళు మొదటి రోజు గ్రౌండుకు ఎప్పుడు పడితే అప్పుడు, ఒక్కొక్కరుగా బీడీలు కాలుస్తూ వచ్చారు. మా ఆయన పొద్దున్నే వాళ్ళ వెంటపడి లేపడం మళ్ళీ మొదలుపెట్టాడు. మొదటి మ్యాచ్ నస్పూర్ జట్టుతోనే పడింది. నేనూ వెళ్ళాను. మా ఆయన తయారుచేసిన కుర్రాళ్ళు మా ఆయన జట్టునే చితకబాదారు. అవతలి పక్క బెంచీ మీద కొత్త కోచ్ గెంతుతున్నాడు. చూడలేకపోయాను.

మ్యాచ్ అయిపోయాక గేటు దగ్గర మా కొత్త గనిలో రిటైరైన ముసలాయన ఒకడు మా ఆయన దారికి అడ్డం నిలబడ్డాడు. చుట్టూ జనం మూగారు. "ఏం కోచ్‌వయ్యా నువ్వు? ఎడమ దిక్కు ఆడె పోరన్ని ఎందుకు బయటికి తీసినవ్? మంచిగ ఆడుతుంటె నీకేమాయె? నీ వల్లనే ఓడినం!" అని అరిచాడు. వెనకవాళ్ళు అవునవునన్నారు. నాకు రక్తం ఉడికింది. ఒక అడుగు ముందుకు వేశాను, మా ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. ఆ ముసలాయన ఊపిరి అయిపోయేదాకా తిడితే, ఆసాంతం నిలబడి విన్నాడు.

ఇంటికి నడుస్తుంటే చూశాను, నవ్వుతున్నాడు.

"గంతమందిల తిట్టిచ్చుకోని నవ్వొస్తుందా నీకు? సిగ్గనిపిస్తలేదా?" అన్నాను.

"గన్ని కప్పులు గెలిసినం. ఒక్కడన్న నా దగ్గరికొచ్చి, నువ్వెందుకు గిట్ల చేసినవ్ అని అడిగిండా? గియ్యాల అడిగిండ్రు." కొంచెం దూరం నడిచి మళ్ళీ అన్నాడు: "నీ వల్లనే ఓడినమన్నరు. అంటె గా జట్టు నాదేనే."