కొబ్బరిపీచు వాషరు

నేను నందిగామ పిల్లని. జగ్గయ్యపేటలో కిరాణా కొట్టున్న ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు వంట అంతంతమాత్రం. కిరసనాయిలు పంపు స్టవ్వు విప్పి బిగించడం మాత్రం, స్టవ్వులు బాగుచేసే మా నాన్న పుణ్యమా అని, బాగా వచ్చు. మావారు ఓ స్టవ్వు కొనుక్కొచ్చిన రోజున ఊదుగొట్టాన్ని అటకమీదికి విసిరేసి లోలోపల గంతులేశాను.

మా అత్తగారిది గట్టి మడి. మడిబట్ట ఆరేసిన దండేన్ని మా కొంగు తగిలినా మళ్ళీ తడిపేవారు. తెల్లారకముందే కాఫీ చేతికొస్తోంది కాబట్టి స్టవ్వుని వంటింట్లోకి రానిచ్చారు.

ఒకరోజు మంట ఎర్రబడి గిన్నెలన్నీ మసి పట్టాయి. గాలి ఎక్కడో పోతోంది. కుంకుడుకాయ నురగ తీసి మూతకీ, పంపు మెడకీ పూశాను. బుడగ లేచిన చోటే దొంగ ఉన్నట్టు. ఒక్కటీ లేవలేదు. పంపు కడ్డీ కొడితే చేతికి బిగువే తగల్లేదు. అంటే లోపలి వాషరు ఎండిపోయింది. కడ్డీ లాగి, దాని చివరనుండే చిన్న తోలుగిన్నెని కొబ్బరినూనెలో ముంచి, అంచులు వేలితో సాగదీస్తున్నాను. వెనక మడిచీరలో అత్తగారు.

"ఏమిటమ్మాయ్ అది?"

"వాషరండీ అత్తయ్యా."

"దేంతో చేస్తారు?"

తోలంటే ఆ పూటే స్టవ్వు వీధిలోకి, నేను పుల్లల పొయ్యి ముందుకి.

"కొబ్బరిపీచు నానేసి అచ్చులో నొక్కుతారటండీ" అనేశాను.

ఆవిడ కాసేపు దానివంక చూసి, "పీచైతే మడికి పనికొస్తుందిలే" అని వెళ్ళిపోయారు. అక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరక్కుండా వీధిలో మడికట్టే వాళ్ళందరికీ చెప్పేశారు. ముగ్గురు స్టవ్వులు కొన్నారు. వాటికి వైద్యం నాదే. పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ వాషరు చూసి, "ఏ ఊరి కొబ్బరమ్మా, ఇంత నున్నగా ఉందీ" అంది. "కోనసీమదండీ" అన్నాను. నాకు సిగ్గనేది లేదు.

చివరికి మా వాషరే చిరిగింది. పేటంతా తిరిగినా దొరకలేదు. నందిగామ నుంచి మా నాన్న పంపాలంటే నాలుగు రోజులు. ఊదుగొట్టం కోసం అటకమీద చెయ్యిపెట్టి తడుముతుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. వాషరు చిరిగింది, ఇక కట్టెలే గతి అని చెప్పాను.

"ఆ మూలన మీ మామగారి పాత చెప్పులున్నాయి చూడు. అడుగు అరిగింది గానీ పైపట్టీ మెత్తగానే ఉంటుంది. అందులోంచి ఓ బిళ్ళ కోసి నూనెలో నానెయ్యి."

తడిమి ఆ చెప్పుల జత కిందికి దించాను.

"చెప్పులాండీ అత్తయ్యా?"

"అవీ కొబ్బరిపీచువేలే" అన్నారు. "కాఫీ తొందరగా కానియ్యి."