కొయ్య పలకకు ఎర్ర దీపం

ఎద్దుల జతను అమ్మి పాత పికప్ బండి కొన్న రోజు నుంచి మా నాయన నాతో మాట్లాడడం మానేశాడు. చెప్పాల్సిన మాటేదైనా ఉంటే నా భార్యతో చెప్పేవాడు, నేను పక్కనే ఉన్నా సరే.

"సోమవారం కృష్ణగిరిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆ ఇనప దయ్యానికి రోడ్డెక్కేదానికి కాయితం ఇయ్యకుంటే, దాన్ని అమ్మేసి మళ్ళా ఎద్దుల్ని తెచ్చి కట్టేయమని చెప్పమ్మా."

ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది. నాకు వినబడింది, ఒప్పుకున్నాను కూడా. మొండితనంలో నేనేమీ ఆయనకు తీసిపోను.

అరవైల తొలి రోజులవి. అంచెట్టి వైపున్న మా పల్లె నుంచి ఎద్దుల బండిలో మామిడికాయలు కృష్ణగిరి మండీకి చేరేలోపు సగం మెత్తబడిపోయేవి. అందుకే కొన్నాను. మిలిటరీ పట్టాళం వాళ్ళు వేలంలో వదిలించుకున్న బండి అది. ఇంజను బాగానే ఉంది గానీ తీగలన్నీ ఎలుకలు కొరికేశాయి. ఇంటి దగ్గరే కొత్త తీగలు వేస్తానని పంతం పట్టాను. బావి మోటారుకు తీగలు బిగించినవాడిని, ఇదెంత అనుకున్నాను.

జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఒక లారీ డ్రైవరును అడిగితే నవ్వాడు. "మోటారు మాదిరి ఈడ రెండు తీగలు అక్కర్లేదప్పా. దీపానికి ఒక్కటి పోతే చాలు. కరెంటు తిరిగొచ్చేదానికి బండి ఇనుమే దోవ."

ఆ మాట పట్టుకుని హోసూరులో తీగచుట్ట కొనుక్కొచ్చి, మూడు రోజులు బండి కింద వెల్లకిలా పడుకున్నాను. ముందు దీపాలు వెలిగాయి. హారను మోగింది, కోళ్ళు పందిరెక్కాయి. వెనక ఎర్ర దీపాలు మాత్రం, నా భార్య ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా ఉలకలేదు పలకలేదు.

బల్బులు మార్చాను. తీగలు విప్పి మళ్ళీ చుట్టాను. డ్రైవరును తిట్టాను, తర్వాత బ్యాటరీని తిట్టాను.

"కాలు తిమ్మిరెక్కింది. ఇంగ ఎంతసేపు తొక్కేది?" అంది నా భార్య.

ఆదివారం మధ్యాహ్నం, ఆమె బ్రేకు తొక్కి ఉండగానే, విసుగెత్తి ఒక దీపాన్ని వెనక కొయ్య పలక నుంచి ఊడదీశాను. అది చేయిజారి, తీగకు వేలాడుతూ కింది ఇనప చట్రానికి తగిలింది. తగలగానే ఎర్రగా వెలిగింది. తీసి పలక మీద పెడితే ఆరిపోయింది. బండి కొన్నాక వెనక కొయ్య తొట్టి చేసింది మా ఊరి వడ్రంగి. ఎద్దుల బండ్లు చేసే చేయి ఆయనది. ఇనప మేకు ముట్టకుండా అంతా కొయ్య చీలలతో బిగించి, నూరేళ్ళు కదలదని మీసం తిప్పాడు. ఇనుమే లేని చోట డ్రైవరు చెప్పిన దోవ ఎక్కడుంటుంది? చుట్టూ తిరిగి ఆ పనితనాన్ని మెచ్చుకున్నవాడిని నేనే. నా తెలివికి నాకే నవ్వూ ఏడుపూ వచ్చాయి.

రెండు దీపాల నుంచీ రెండో తీగ లాగి, చట్రం మీది తుప్పును మెరిసేదాకా గీకి, బోల్టు కింద బిగించాను. అప్పటికి నా భార్య ఆవులకు నీళ్ళు పెట్టడానికి పోయింది. ఆగే ఓపిక లేక నేనే ఎక్కి బ్రేకు తొక్కాను. తొక్కాక గానీ తట్టలేదు, వెనక చూసేవాళ్ళు లేరని. దిగితే ఆరిపోతుంది. ఎవరికైనా వినబడుతుందేమోనని గట్టిగా అరిచాను.

"వెలగతా ఉందా?"

బండి వెనక నుంచి దగ్గు వినిపించింది.

"వెలగతా ఉంది. ఎడమపక్కది రవంత మసగ్గా ఉంది, చూడప్పా," అన్నాడు మా నాయన.

మర్నాడు ఇన్‌స్పెక్టరు కాయితం ఇచ్చాడు గానీ, అది తర్వాతి సంగతి. రెండు నెలలకు మా నాయన నాతో అన్న మొదటి మాట అది. బ్రేకు మీంచి కాలు తీస్తే ఆయన వెళ్ళిపోతాడేమోనని అట్లాగే తొక్కిపట్టి కూర్చున్నాను.