గంధం రంగు ఇంట్లో నాయనమ్మ

ఉప్పుగూడలో మా రెండు గదుల ఇంటికి బాపు ‘మ్యాచింగ్’ చేయించిన ఎండాకాలం నేను ఇంటర్ చదువుతున్నాను. తన కొత్త ఆఫీసరు ఇంట్లో టీ తాగి వచ్చాడాయన. అంతే, పిచ్చి పట్టుకుంది. ఆ ఇంట్లో గోడలూ తలుపులూ పరదాలూ అన్నీ ఒకే గంధం రంగట. లోపల అడుగుపెడితే మనసు చల్లబడుతుందట. మా బాపు మనసు మాత్రం ఆ ఆఫీసరు మా ఇంటికొచ్చి మెచ్చుకుంటే తప్ప చల్లబడేలా లేదు.

అప్పటిదాకా మా గోడలకు సున్నం, తలుపులకు ముదురు నీలం, గడపకు పసుపు. అవన్నీ మోటు రంగులని బాపు తేల్చేశాడు. చార్మినార్ దగ్గర పరదాల బట్ట కొంటూ, రంగు డబ్బా మూతను వెంట తీసుకెళ్లి ప్రతి తానుకూ ఆనించి చూశాడు. దుకాణదారు "ఏక్ నంబర్ మ్యాచింగ్, సాబ్" అన్నాడు. అతను ఏ బట్టకైనా ఆ మాటే అంటాడు. బాపు మాత్రం పొంగిపోయాడు.

గోడలు, తలుపులు, ద్వారబంధాలు, గడపలు, అలమార, చివరికి చొక్కాలు తగిలించే కొయ్య కూడా గంధం రంగే. పిండి డబ్బాలో పడ్డట్టుండేది మాకు.

ఆ ఇంట్లో తనను కన్న తల్లి కూడా ఉందని ఆయనకు తట్టనే లేదు. నాయనమ్మకు చూపు మసకబారి చాలా కాలమైంది. మనుషులను గొంతును బట్టి, దారిని రంగును బట్టి పోల్చుకునేది. తెల్లటి గోడ మధ్య నీలం కనిపిస్తే అది పెరటి తలుపు, కింద పసుపు కనిపిస్తే కాలెత్తాలి. మరుగుదొడ్డి పెరట్లో ఉండేది.

రంగులు ఆరిన రోజు ఆమె గది మధ్య నిలబడి, "కొడకా, దర్వాజ ఏడ వెట్టినవ్‌రా?" అంది.

"ఆడనే ఉన్నదమ్మా. గోడకు చేతులు వెట్టకు, మరకలైతయ్."

నాకు ఒళ్లు మండింది. చూపు ఆనని మనిషి గోడ కూడా పట్టుకోవద్దట! "మరెట్ల వోవాలె బాపూ?" అన్నాను.

"ఎవ్వలనన్న పిలువమను. ఇంట్ల గింతమంది ఉన్నరు గద."

దొడ్డికి పోవడానికి ఒకరిని కేకేయాలంటే ఆమెకు తల కొట్టేసినట్టుంటుందని ఆయనకు తెలియాలంటే, ఆ సంగతి రంగు డబ్బా మీద అచ్చేసి ఉండాలి.

నాయనమ్మ ఎవరినీ పిలవలేదు. నీళ్లు తాగడం తగ్గించేసింది. పెదవులు పగిలాయి. పొద్దున పెట్టిన చెంబు సాయంత్రానికీ అలాగే ఉండటం చూసి అమ్మ అడిగింది.

"దూప కాదా అత్తమ్మా?"

"తాగితే పోవాలె గదనే."

ఆఫీసరు వస్తానన్న రోజు పొద్దున, బాపు గడప దాటగానే అమ్మ పాత నీలం డబ్బా బయటికి తీసింది. పెరటి తలుపుకూ ద్వారబంధానికీ తానే పూసింది. గడపకు నేను పసుపు రాశాను. రంగు అక్కడక్కడా కారింది. అయినా నాకు మస్తు నచ్చింది.

సాయంత్రం ఆఫీసరును కుర్చీలో కూర్చోబెట్టాక బాపు ఆ తలుపు చూశాడు. మొహం మాడిపోయింది. "ఇదేంది? ఎవలు చేసిండ్రు గిట్ల?" అని పళ్లు బిగబట్టి అమ్మను అడిగాడు.

"నేనే" అంది అమ్మ, ఆఫీసరుకు వినబడేలా.

అప్పుడే నాయనమ్మ మంచం మీంచి లేచింది. గోడ ముట్టలేదు, ఎవరినీ పిలవలేదు. ఆఫీసరు ముందు నుంచే నేరుగా నడిచి, కాలెత్తి గడప దాటింది. మా గంధం రంగు గురించి ఆ పెద్దమనిషి ఏమన్నాడో నాకు గుర్తులేదు, గుర్తుంచుకోవాలనీ అనిపించలేదు.

నాయనమ్మ తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది. అమ్మ ఉన్న వైపు చెయ్యి చాపింది.

"చెంబు నిండ నీళ్లియ్యి బిడ్డా."