అమ్మ నోట రాని పేరు

మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు. కోపంలోనైనా, ముద్దుగానైనా అంతే. "పాపా" అనేది, "ఓమే" అనేది. నేను వీధి చివర ఆడుకుంటూ ఉంటే గుమ్మంలో నిలబడి "నిన్నే, నిన్నే" అంటూ చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్లకు వీధిలో ఉన్న కుక్కలన్నీ తిరిగి చూసేవి. నాకు ఒళ్లు మండిపోయేది.

కారణం చిన్నదే. నా పేరు తిప్పమ్మ. అది మా అవ్వ పేరు, అంటే నాయనను కన్నతల్లి పేరు. మా ఇళ్లలో కోడలు అత్త పేరును నోటితో పలకదు. పలికితే అత్తకు ఆయుష్షు తగ్గుతుందని కొందరంటారు, మర్యాద కాదని కొందరంటారు. మొదటి మనవరాలికి అవ్వ పేరు పెట్టడం కూడా మా ఇళ్లలో ఆనవాయితీయే. ఈ రెండూ ఒకే ఇంట్లో కలిస్తే కన్నతల్లి గతేమిటో పెద్దలెవరూ ఆలోచించినట్టు లేరు. మా అమ్మ అయితే ఇంకో అడుగు ముందుకు వేసింది. మా వైపు పెంటదిబ్బను తిప్ప అంటారు. అత్త పేరులో ఉంది కాబట్టి ఆ మాటను కూడా అనేది కాదు. "చెత్త తీసుకుపోయి ఆ కుప్పలో ఏసి రా" అనేది.

అప్పుడు మేము ధర్మవరంలో ఉండేవాళ్లం. నాయన పట్టుచీరలు నేసేవాడు, అమ్మ ఆయనకు పట్టుదారం కండెలు చుట్టి ఇచ్చేది. అవి తొంభైల చివరి సంవత్సరాలు. బడిలో ఏ బెంచీ చూసినా ఒక స్వాతో, ఒక లావణ్యో, ఒక శిరీషో కూర్చుని ఉండేది. తిప్పమ్మను నేనొక్కదాన్నే. "ఊరు గొప్ప, పేరు దిబ్బ" అని సామెతను తిరగేసి ఏడిపించేవాళ్లు. ఏడవడం నాకు చేతకాదు, జుట్టు పట్టుకునేదాన్ని.

హిందూపురంలో మా మేనత్త ఇంటికి పోతే మాత్రం నా పేరు ఎవరికీ వింతగా ఉండేది కాదు. అటంతా కర్ణాటక గాలి. పట్టుగూళ్ల మార్కెట్టు దగ్గర నిలబడి తిప్పమ్మా అని కేకేస్తే గంపలు దించుతున్న ఆడవాళ్లలో ఇద్దరైనా "ఏమి?" అనేవాళ్లు. మేనత్త పక్కింటామె నన్ను కూర్చోబెట్టుకుని, అది ఆ రాష్ట్రంలో వెలసిన ఒక స్వామి పేరనీ, దిబ్బతో దానికి ఏ సంబంధమూ లేదనీ చెప్పింది. రెండు రోజులు తల ఎత్తుకుని తిరిగాను. ఇంటికొచ్చి అవ్వకు చెబితే, "స్వామీ లేదు, గీమీ లేదు. దిబ్బే" అంది.

ఆ హిందూపురంలోనే ఒకసారి నాకు జ్వరం తగిలింది. అమ్మ ఆసుపత్రికి తీసుకుపోయింది. నర్సమ్మ చీటీ రాస్తూ "పాప పేరేమి?" అని అడిగింది.

"మా అత్త పేరే పెట్టినాము" అంది అమ్మ.

"మీ అత్త పేరేమి?"

"అయ్యో, నేనెట్ల చెప్పేదమ్మా?"

నర్సమ్మ అమ్మను ఎగాదిగా చూసింది. వెనక వరసలో ఉన్నవాళ్లు తొందరపెడుతున్నారు. అమ్మ దిక్కులు చూస్తూ, నా పేరు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతోంది. ఒళ్లు కాలిపోతూ, ఆమె భుజం మీద నుంచి నేనే తలెత్తి నా పేరు చెప్పుకున్నాను.

పెనుకొండ అమ్మ పుట్టిల్లు. అత్త కనుచూపు మేరలో లేదు కదా, అక్కడైనా పిలుస్తుందేమోనని నాకు ఆశ. బస్సు దిగింది మొదలు అమ్మ వెంటే తిరిగేదాన్ని. ఎండలో కొండ వైపు పరుగెత్తి, ఆగి, చెవులు రిక్కించేదాన్ని. చప్పట్లే వినపడేవి. ఒకరోజు పట్టలేక అడిగేశాను.

"ఈడ అవ్వకు ఇనపడదు గదమ్మా! ఒక్కసారి పిలిస్తే ఏమైతాది?"

"నాకు ఇనపడతాది గదే" అంది అమ్మ.

నేను పదో తరగతికి వచ్చాను. పేర్లు మార్చుకోవాలనుకునేవాళ్లు వచ్చే సోమవారంలోగా చెప్పాలనీ, ఆ తర్వాత జీవితాంతం అదే పేరనీ టీచరు అన్నారు. ఆ మధ్యాహ్నం పాఠం ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు. దిబ్బ వదిలిపోతుందన్న సంతోషం కాదు నాది. కొత్త పేరైతే అమ్మ పిలవచ్చు! ఇంతకాలం ఈ ఉపాయం ఎందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

రేఖ అని ఎంచుకున్నాను. రహస్యంగా అమ్మకు చెప్పాను. అమ్మ అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ "రేఖా" అంది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! కానీ సాయంత్రం పెరట్లో నుంచి ఆమె అదే పేరుతో పిలుస్తుంటే, పక్కింటికి ఎవరో చుట్టాలమ్మాయి వచ్చినట్టుందని నేను పలకనేలేదు. అమ్మ చివరికి చప్పట్లే కొట్టింది.

ఆ పిలుపు అవ్వ చెవిన పడింది. ఏమిటని నిలదీస్తే చెప్పక తప్పలేదు. అవ్వ నములుతున్న వక్క ఊసేసింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుంది.

"నాకు ముందు పుట్టినోళ్లు ఒగరూ దక్కలేదు. నేను పుడతానే చాటలో ఏసి తిప్ప మీద పెట్టేసినారు. పనికిరాని బిడ్డ అనుకొని సావు చూడకుండా పోతాదని. ఇంగొకామె ఎత్తుకొని పోతే, పిడికెడు రాగులిచ్చి మాయమ్మ నన్ను మళ్లా కొనుక్కొనె. అట్ల బతికినా. ఆ పేరు నీకు బరువైనాదా?"

"బరువు కాదవ్వా. అమ్మ పిలవదు" అన్నాను.

అవ్వ లోపల పని చేసుకుంటున్న అమ్మ వైపు చూసింది. నన్ను లేచి పిడికెడు రాగులు తెమ్మంది. తెస్తే కొంగు పట్టి ముడి వేసుకుంది.

"అయిపాయ. నా పేరు నీకు అమ్మేసినా. ఓ కోడలా, ఇంగ అది నీ బిడ్డ పేరు, నాది కాదు. పిలువు."

అమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది.

"అన్నం తిందురు రాండి" అంది.

ఇక నాకు నిలకడ లేదు. కాలుగాలిన పిల్లిలా అమ్మ చుట్టూ తిరిగాను. నీళ్లకు పోతే వెంట పోయాను, పొయ్యి దగ్గర కూర్చుంటే ఎదురుగా కూర్చున్నాను. ఆమె పెదవి కదిలితే చాలు, ముందుకు వంగేదాన్ని. ఆదివారం వచ్చేసింది. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లోపల నాయన మగ్గం ఆడుతోంది. బయట అరుగు మీద అవ్వ ఉంది.

"అమ్మా, రేపే సోమవారం. పిలుస్తావా, మార్చుకోమంటావా?" అంటూ ఆమె చేయి పట్టుకుని ఊపాను. పట్టుదారం పటుక్కున తెగింది, చుట్టినదంతా చిక్కుపడింది.

"ఏమే తిప్పమ్మా!" అంది అమ్మ.

ఒళ్లు జల్లుమంది. అబ్బ, ఎన్నేళ్ల ఎదురుచూపు అది! తిట్టినా సరే, ఇంకోసారి అనాలి అనుకున్నాను. అమ్మ ఆగలేదు.

"ఈ ఇంట్లో అన్నీ నువ్వు చెప్పినట్లే జరగల్లా తిప్పమ్మా? కూరలో ఉప్పేస్తే ఎక్కువంటివి, ఎయ్యకుంటే తక్కువంటివి! నా చెల్లెలి పెండ్లికి పోయి ఒక దినం ఎక్కువుంటే మొగం మాడ్చుకుంటివి! కన్నబిడ్డకు నాకిష్టమైన పేరు పెట్టుకుంటానంటే, అదీ కూడదంటివి గదే!"

కూరలో ఉప్పు సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. చిన్నమ్మ పెళ్లినాటికి నేను పుట్టనే లేదు. ఆ తిట్లు నావి కావు. ఇన్నాళ్లూ నేను కోరుకున్న పిలుపు వచ్చింది, అది కూడా నాది కాదు.

మగ్గం చప్పుడు ఆగిపోయింది. అమ్మకు అప్పుడు తెలివి వచ్చింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అవ్వ గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చి రాట్నం పక్కన మెల్లగా కూర్చుంది. కొడతుందో, శపిస్తుందో అని నేను అడ్డం పోబోయాను.

"నాకేం తగల్లేదులే. ఆ పేరు అమ్మేస్తి గదా" అంది అవ్వ. ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో అడిగింది. "బిడ్డకు ఏం పేరు పెట్టుకోవల్లనుకొంటివి కోడలా?"

నేను అమ్మ మొహమే చూస్తూ నిలబడ్డాను. ఎలాంటి పేరైనా సరే, మరునాడే బడిలో చెప్పేసేదాన్ని.

అమ్మ తల వంచుకుని చాలాసేపు ఆలోచించింది. కళ్లు తుడుచుకుని మళ్లీ గుర్తు తెచ్చుకోబోయింది.

"మతికి రాలేదత్తా" అంది.