మోతీ ముట్టని రొట్టె

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లోని మా ఇంటి నుంచి అందరం కలిసి ఊరికి వెళ్ళాల్సి వస్తే, బట్టల మూటకంటే ముందు మా కుక్క మోతీ సంగతి తేల్చుకోవాల్సి వచ్చేది. బస్సులో ఎక్కనివ్వరు, ఒంటరిగా కట్టేసి పోలేం. కోహీర్‌లో మా అమ్మ తరఫు చుట్టాల పెళ్ళి వచ్చినప్పుడు, ఆ ఒక్క రాత్రికి మోతీని చూసుకుంటానని పక్కింటి అజ్జి తనంతట తనే ముందుకొచ్చింది.

కన్నడంలో అజ్జి అంటే అవ్వ. ఆమె బీదర్ వైపు నుంచి వచ్చిన లింగాయతుల మనిషి, శాకాహారి. భర్త పోయాక ఒక్కతే ఉండేది. శివుడి పేరు మీద ఏ సోమవారమూ ఒక్కపొద్దు తప్పేది కాదు, పొద్దు గూకేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టేది కాదు. మేము క్రైస్తవులం, మా పొయ్యి మీద మాంసం ఉడుకుతుంది. అయినా మా మీద ఆమె ప్రేమకు ఏదీ అడ్డు రాలేదు. "జొన్నరొట్టె పాలల్ల ముంచి పెడ్త, ఫికర్ చెయ్యకున్రి" అని అమ్మకు ధైర్యం చెప్పింది.

శనివారం మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోతుందన్న హడావుడిలో మేం ఒక మాట చెప్పడం మరిచిపోయాం. అంతకుముందు ఎవరో దొంగలు మా వీధిలో ఒక కుక్కకు విషం పెట్టి చంపారు. అప్పటి నుంచి మా నాన్న పట్టుబట్టి, పరాయి చేతి తిండి ముట్టకుండా మోతీకి నేర్పాడు. మా ముగ్గురిలో ఎవరో ఒకరు పెడితేనే తినేది. ఆ సంగతి వచ్చిన చుట్టానికల్లా గొప్పగా చెప్పుకునే నాన్న, చెప్పాల్సిన అజ్జికి మాత్రం చెప్పలేదు.

ఆదివారం కోహీర్‌లో ప్రార్థన ముగించుకుని భోజనాలకు కూర్చున్నాం. పందిట్లోకి వచ్చిన ఒక కుక్కకు ఎవరో ఎముక విసిరారు. నాకు మోతీ గుర్తొచ్చి నాన్నకు చెప్పాను. ఆయన ఎత్తిన ముద్ద విస్తట్లోకే జారిపోయింది. వెంటనే బయలుదేరదామంటే వానకు వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. పెళ్ళివారు ఎంత మర్యాద చేసినా, రాత్రంతా బస్సు కోసం రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాం.

సోమవారం పొద్దున ఇల్లు చేరాం. అజ్జి తన గడపలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన మోతీ, దాని ముందు ఎండిపోయిన రొట్టెలు. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయింది.

"వచ్చిన్రా బిడ్డా! ఎంత బతిమాలినా ఇది ముట్టలే. నా చెయ్యే మంచిది కాదేమో" అని కళ్ళు తుడుచుకుంది.

నాన్న ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "తప్పు మాది అజ్జీ. మంది చేతిది తినొద్దని నేనే నేర్పిన. నీకు చెప్పుడు మర్చిన."

"గంతేనా!" అంది, మొహం తేటపడి. నాన్న పెట్టగానే మోతీ ఆవురావురుమని తింది. అది చూశాక అజ్జి మాకు పెడదామని రొట్టెల బుట్ట తెరిచింది. అందులో ఆమె వంతు రొట్టెలు కూడా ఎండిపోయి అలాగే ఉండటం అమ్మ గమనించింది.

"నువ్వు గూడ తినలేదా అజ్జీ?"

అజ్జి ఒకసారి నాన్న మొహం చూసింది. "నిన్న సోమారం గద బిడ్డా, నాకు ఒక్కపొద్దు" అని, ఒక రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

నిన్న ఆదివారం. చర్చిలో పాటలు పాడి వచ్చిన మాకు వారం తెలియదా? సోమవారం మేం తిరిగొచ్చిన ఆ రోజే. ఇంట్లో నోరులేని ప్రాణి పస్తుంటే తనకు ముద్ద దిగక అజ్జి కూడా పస్తులుంది. అది తెలిస్తే నాన్న కుమిలిపోతాడని అబద్ధమాడింది. ఆ అబద్ధం నిలబడాలని, ఎన్నడూ తప్పని ఒక్కపొద్దును మా కళ్ళముందే తప్పింది.

అమ్మ లోపలికెళ్ళి ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నాన్న ఆ తర్వాత మోతీ గొప్ప ఎవరి ముందూ చెప్పలేదు. రోజూ సాయంత్రం దాన్ని అజ్జి వాకిట్లోకి తీసుకెళ్ళి, ఆమె చేతి రొట్టె తినడం అలవాటు చేశాడు. మొదటిసారి అది తిన్ననాడు అజ్జి చిన్నపిల్లలా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అజ్జి పోయి చాలా ఏళ్ళయింది. మాకు వారం తెలుసన్న మాట ఆమెతో చెప్పనే లేదు. చెప్పి ఉంటే మంచిదయ్యేదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. మా ఇంటికి ఎవరొచ్చి "తినే వచ్చాం" అన్నా నేను నమ్మను, కంచం పెట్టేస్తాను. మనవలు నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వచ్చినవాళ్ళు తిని లేచేదాకా నాకు ముద్ద ఎత్తబుద్ధి కాదు.