బోణీకి పోయిన చొక్కా

జగిత్యాలలో మాది బట్టల దుకాణం. అన్న గల్లా మీద కూర్చుంటాడు, నేను బేరాలు తెగ్గొడతాను. ఊరి బయట పాత గడీ ముందు సినిమావాళ్లు పంచాయతీ సీను తీస్తూ, గుంపులో నిలబడటానికి మనుషులు కావాలన్నారు. నీలం గళ్ల చొక్కాతో రమ్మన్నారు. సొంతంగా కొనడమెందుకని దుకాణం అరలోంచే ఒకటి తీశాను. ధర చీటీ కాలరులోకి మడిచి, రోజంతా హీరో కుడి భుజం వెనక నిలబడ్డాను. కెమెరాకు నా వీపు కనబడిందట, అదృష్టం బాగుంటే ఒక చెవి కూడా. సాయంత్రం దుమ్ము దులిపి, ఇస్త్రీ చేసి, గుండుసూదులు గుచ్చి మళ్లీ అరలో పెట్టాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

పొద్దున్నే షూటింగ్ మేనేజర్ ఫోన్ చేశాడు. "అన్నా, నిన్నటి సీన్ సగం మిగిలింది. పదింటికల్లా అదే షర్ట్ వేస్కొని రా. వచ్చే నెల సిరిసిల్లల పది రోజుల పనున్నది, మంచిగ జేసినోళ్లనే పిలుస్త."

ఆ పది రోజుల మాట నిన్ననే చెవిన పడింది, దానికోసమే రోజంతా ఎండలో ఈగను కూడా తోలుకోలేదు. దుకాణానికి పరుగెత్తాను. అరలో నీలం గళ్లు లేవు.

"గా అంగినా? బోణి అయింది" అన్నాడు అన్న. "బీర్పూర్ ఆయన కొన్నడు. బేరం గూడ జెయ్యలే, ఈడనే తొడుక్కొని పోయిండు."

"వాపస్ తీస్కోవాలె అన్నా."

అగరుబత్తి తిప్పుతున్న అన్న చేయి ఆగిపోయింది. "బోణి వాపస్ తీస్కుంటర్రా ఎవలన్న? దుకాణం మూసుకుందమా? గా మాట ఈడ అనకు."

తొమ్మిదిన్నర. బస్టాండులో బీర్పూర్ బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి ఒంటి మీద నా ఇస్త్రీ మడతలు గుర్తుపట్టాను. కావాలన్న ఆత్రం మొహంలో కనబడొద్దని నాన్న నేర్పిన బేరం. నా మొహం నిండా చెమట.

"కాకా, గీ అంగి కుట్టుల జర నుక్స్ ఉన్నది. మార్చిస్త."

"నాకేం కనబడ్తలేదు గదా!"

"దీనికి బదులు రెండిస్త."

ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "ఒక్కదానికి రెండిచ్చే షావుకారిని నేనెన్నడు జూడలే. ఏమున్నది దీంట్ల?"

"మూడు" అని నోరు జారాను. ఆయన రెండు చేతులతో గుండీలు పట్టుకున్నాడు.

బస్సు వచ్చింది. ఇక దాచలేక అంతా కక్కేశాను, నిన్న నేను తొడుక్కున్నదేనని కూడా. దుకాణం పేరు పెట్టి బస్టాండంతా వినబడేలా తిడతాడనుకున్నాను. నవ్వాడు.

"అయితే అంగి విప్పుడెందుకు? నేనే వస్త పా. షూటింగ్ జూడలే నేను."

అక్కడికి పోయాక ఎట్లాగైనా విప్పించుకోవచ్చని నా బండి ఎక్కించుకున్నాను. గడీ దగ్గర దిగేసరికి పది దాటింది. మేనేజర్ పరుగున వచ్చి, చొక్కాను చూసి, ఆయన భుజం పట్టుకుని లాక్కుపోయాడు.

"సార్, నిన్న నిలబడ్డది నేను!"

"ఈపే కదనే కనబడేది. ఇద్దరు ఒక్క పొడుగే ఉన్నరు. మార్చుకునే టైం లేదు. నువ్వు జర జరుగు, కెమెరాకు అడ్డమొస్తున్నవ్."

జనం రాకుండా కట్టిన తాడు అవతలికి జరిగాను. ఆయన దగ్గుతాడేమో, వెనక్కి తిరిగి నాకేసి నవ్వుతాడేమో అని భయపడ్డాను. కాసేపటికి, అవేవీ చేయడేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాను. దారిలో చెప్పాడు, ముప్పై ఏండ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషట, ఉన్నచోట నిలకడగా ఉండటం ఆయనకొక లెక్క కాదు. మూడు టేకులు. ఒక్కసారి కూడా మెడ తిప్పలేదు.

సీను అయ్యాక మేనేజర్ నా దగ్గరికొచ్చాడు. "కాకకు ఫోన్ లేదట. నీ నంబర్ ఉన్నది కదా, సిరిసిల్ల డేట్లు నీకే జెప్త. జర తోల్కరా."

"నేను గూడ రావాల్నా సార్?"

"బండి నీదే గదనే" అన్నాడు.