తొక్క ఉన్న పండు, రేకు ఉన్న బిళ్ళ

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు, నేను ఉద్యోగం అంటాను. ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా చేస్తున్నాను. "బిళ్ళలు టైముకు వేసుకుంటున్నావా?" అని అడిగితే "లేదు" అని నిజం చెప్పినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే నేను నోటిని నమ్మను, బిళ్ళల రేకును నమ్ముతాను. షుగర్ ఉన్నవాళ్ళు ఎవరొచ్చినా పాత రేకులు తెచ్చి చూపించాలి. ఖాళీ అయిన గుంటలు లెక్కపెట్టి, తేదీలతో సరిచూసి, తేడా వస్తే నిలదీస్తాను. ఆత్మకూరులో మా ఆసుపత్రికి వచ్చే పాతవాళ్ళు నన్ను చూడగానే సంచుల్లో చేతులు పెట్టి రేకులు వెతుక్కుంటారు.

మర్రిపాడు వైపు పల్లె నుంచి వచ్చే ఒక అవ్వకు మాత్రం ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. గొర్రెలున్న కుటుంబం. అవ్వకు డెబ్బై దాటాయి, ఇంట్లో కొడుకూ కోడలూ ఉంటారు. షుగర్‌కు రోజూ రెండు బిళ్ళలు. తెల్లగా పొడుగ్గా ఉండేది తిన్నాక, చిన్నది పొద్దున తిండికి ముందు. చదువు రాకపోయినా ఏది ఎప్పుడో నాకే అప్పజెప్పేది.

అలాంటి మనిషిని ఒకరోజు మధ్యాహ్నం కొడుకు ఆటోలో వేసుకొచ్చాడు. ఒళ్ళంతా చెమట, రవిక తడిసి ముద్దయింది, పిలిస్తే పలకడం లేదు. వేలు పొడిచి చూస్తే షుగర్ నలభై రెండు. డాక్టరు మాట పూర్తయ్యేలోపే నేను నరం పట్టుకుని గ్లూకోజ్ ఎక్కించడం మొదలుపెట్టాను. కాసేపటికి అవ్వ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసి, నన్ను గుర్తుపట్టి, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"మందు పెట్టింది నర్సమ్మా."

"ఎవరవ్వా?"

"ఇంకెవురు? నా కోడలు."

మనకు జబ్బు తగ్గించేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, మగవాళ్ళు సాయంత్రం తాగొచ్చేదీ మందే. మా వైపు ఇంకో మందు కూడా ఉంది. పడనివాళ్ళు అన్నంలోనో కూరలోనో కలిపి పెట్టేది. అది కడుపులో పేరుకుని మనిషిని లోపల్నుంచి తినేస్తుందని నమ్మకం. దాన్ని కక్కించి బయటికి తీసేవాళ్ళు వేరే ఉంటారు. నేను పుట్టి పెరిగింది ఉదయగిరిలో, మాది చర్చికి పోయే కుటుంబం. అయినా ఆదివారం ప్రార్థనలో ముందు వరసలో కూర్చునే మా అవ్వే, నాకు ఆరేళ్ళప్పుడు అన్నం సయించడం లేదని నన్ను మందు తీసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఏదో ఆకు పసరు తాగించి కక్కించాడు. నల్లటి ఉండ ఒకటి చూపించి "ఇదే" అన్నాడు. అది నా నోట్లోంచి పడిందా, ఆయన చేతిలోంచి పడిందా అనేది నాకు ఇప్పటికీ తేలలేదు. నా అనుమానాలు అక్కడే మొదలయ్యాయని అనుకుంటాను.

ఇంత తెలిసినదాన్ని, అవ్వ మాటకు నవ్వి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. పసర్లకూ బూడిదలకూ షుగర్ పడిపోదు, బిళ్ళలకు పడిపోతుంది. ఎవరైనా షుగర్ బిళ్ళలు నూరి అన్నంలో కలిపితే అదీ మందు పెట్టడమే కదా అని నా బుర్రకు తోచింది. అవ్వ నమ్మకానికి నేను చదువు తొడిగానన్నమాట.

కోడలు మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. ముప్పై లోపు వయసు, సన్నటి మనిషి, మాట తక్కువ. అవ్వ బిళ్ళల రేకులు తీసి ఇమ్మని నేనంటే ఇచ్చింది. లెక్కపెట్టాను. ఒక్క బిళ్ళ కూడా ఎక్కువ పోలేదు. మరి ఎక్కువ మందు ఎక్కడిది? ఆమె భుజానికి గుడ్డసంచి ఒకటి ఉంది. నేను దాని వంక చూడగానే గుండెలకు హత్తుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది అనుకున్నాను.

"ఆ సంచిలో ఏముంది?"

"ఏం లేదు మేడం."

ఏం లేదు అన్నాక నేను ఆగే మనిషిని కాదు. సంచి తీసుకుని చెయ్యి పెట్టాను. దువ్వెన, ఫోన్ చార్జరు, మడిచిన కాగితం, రెండు మూడు రేకులు. అందులో ఒకటి నాకు బాగా తెలిసిన రేకు. అవ్వ రోజూ వేసుకునే పొడుగు బిళ్ళే, కంపెనీ వేరు.

"నీకు షుగర్ ఉందా?"

"లేదు మేడం."

"మరి షుగర్ బిళ్ళలు నీ సంచిలో ఎందుకున్నాయి?"

నా గొంతు పెద్దది. వార్డులో ఎనిమిది మంచాలు, వాళ్ళ మనుషులు, అందరూ ఇటు తిరిగారు. ఆమె ఒకసారి మొగుడి వైపు చూసి తల దించుకుంది. అవ్వ మాత్రం దిండు మీద నుంచి తల లేపి, "చెప్పినానా లేదా!" అంది.

"ఏందే ఇది?" అన్నాడు కొడుకు. "మీ నాయనకు ఫోన్ చేస్తుండా. రేపు వచ్చి నిన్ను జలదంకికి తోడుకొని పోతాడు. అమ్మ ఉన్న ఇంట్లో నువ్వు వద్దు."

నేను ఆ రేకును కోటు జేబులో వేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సిగ్గు వేయలేదు, గర్వంగా ఉండింది. ఒక ప్రాణం కాపాడాను, ఒక దొంగను పట్టుకున్నాను అనుకున్నాను.

గంట తర్వాత సూదుల గదిలో ట్రే సర్దుకుంటుంటే ఆమె తలుపు దగ్గరికి వచ్చింది. మడిచిన కాగితం నా చేతిలో పెట్టింది. నెల్లూరులో ఒక లేడీ డాక్టరు రాసిన చీటీ. పెళ్ళై ఆరేళ్ళు, పిల్లలు లేరు, నెలసరి సరిగా రావడం లేదు, స్కానింగులో అండాశయాల నిండా నీటి బుడగలు. మొదటి మందు ఆ పొడుగు బిళ్ళ. రెండోది అండం విడుదల కావడానికి నెలసరి రెండో రోజు నుంచి ఐదు రోజులు వేసుకునే బిళ్ళ. దాని రేకు కూడా నా చేతికి తగిలే ఉంటుంది. నాకు కావలసింది దొరికింది కాబట్టి మిగతావి చూడలేదు. నీటి బుడగలున్న ఆడవాళ్ళకు షుగర్ లేకపోయినా ఆ బిళ్ళ రాస్తారని మా ఆసుపత్రిలో ఆయాకు కూడా తెలుసు.

"ఆయనకు తెలీదు మేడం. మా అమ్మతో పోయి చూపించుకున్నా. లోపం నాలోనే ఉండాదని తెలిస్తే అత్త ఆయనకు ఇంకో పెళ్ళి చేస్తుంది. చెప్పబాకండి, మీకు దణ్ణం పెడతా."

అప్పుడు నాకు చదువు గుర్తొచ్చింది. ఆ పొడుగు బిళ్ళ ఒక్కటే వేసుకుంటే షుగర్ నలభైకి పడిపోవడం ఎక్కడో గాని జరగదు. అది కాలేయం నుంచి వచ్చే చక్కెరను అదుపులో పెడుతుందంతే. పడగొట్టేది చిన్న బిళ్ళ. కడుపులో తిండి ఉన్నా లేకపోయినా అది ఒంట్లోంచి ఇన్సులిన్ పిండేస్తుంది. నర్సింగు రెండో ఏడు పిల్లను అడిగినా ఈ తేడా చెబుతుంది. నేను ఆ పిల్లలకు పాఠం చెప్పిన మనిషిని. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఎనిమిది మంచాల ముందు నేను నోరు జారాను. ఆ బిళ్ళలు ఎందుకో చెప్పకుండా ఆమె మీద పడ్డ మచ్చ తుడవడం ఎలాగో నాకు అంతుపట్టలేదు.

అంత జరిగినా అనుమానం పోలేదు, ఎవరి మీదనేది మారిందంతే. కొడుకేమైనా చేశాడా? అవ్వే ఎవరి బిళ్ళలైనా తెచ్చి మింగిందా? చిన్న బిళ్ళ ప్రభావం తొందరగా పోదని డాక్టరు అవ్వను రెండు రోజులు ఉంచమన్నారు. ఆ సాయంత్రం షుగర్ మళ్ళీ జారింది. మళ్ళీ గ్లూకోజ్ పెట్టాము. "అన్నం తిన్నావా అవ్వా?" అంటే "తిన్నాను" అంది.

మరుసటి పొద్దున డ్యూటీకి వచ్చి చూస్తే మంచం కింద కోడలు నిన్న తెచ్చిన అన్నం బాక్సు మూత తియ్యకుండానే ఉంది. అవ్వ కూర్చుని అరటిపండు ఒలుచుకుంటోంది. పక్కన కాగితంలో ఉడకేసిన కోడిగుడ్డు పెంకులు.

"అన్నం తిన్నానన్నావు?"

"అది చేసిన అన్నం నేనెందుకు తింటా? గుడ్డుకు పెంకు ఉండాది, పండుకు తొక్క ఉండాది, బిళ్ళకు రేకు ఉండాది. వాటిల్లో ఎవురూ మందు పెట్టలేరు." గొంతు తగ్గించింది. "బిళ్ళలు మటుకు ఒక్క పూట మానలా. నువ్వు లెక్క అడుగుతావు గదా."

అప్పుడు లెక్క తేలింది. పొద్దున్నే చిన్న బిళ్ళ వేసుకోవడం, దాని మీద తిండి తినకపోవడం. ఎవరూ ఏమీ కలపలేదు.

"ఎప్పటి నుంచి ఇట్లా?"

"పది దినాలాయె. పక్కింట్లో ఇంత సంగటి పెడతా ఉన్నారు, వాళ్ళు మొన్న పెళ్ళికి పోయినారు."

"కోడలి మీద నీకెందుకు అనుమానం వచ్చింది?"

అవ్వ అటూ ఇటూ చూసింది. "ఉచ్చ ఎర్రంగా వచ్చింది నర్సమ్మా. కుంకుమ నీళ్ళే. చీరకు మరక పడితే పోలా. మందు పెడితేనే గదా అట్టా వచ్చేది?"

పది రోజుల కిందట అవ్వ మూత్రంలో మంట అని వచ్చింది. ఇన్‌ఫెక్షన్ తగ్గడానికి ఒక బిళ్ళ, మంట తగ్గడానికి రెండు రోజులకు ఇంకో బిళ్ళ రాశారు డాక్టరు. ఆ మంట బిళ్ళ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో, ఒక్కోసారి ఎర్రగా వస్తుంది, బట్టకు అంటితే పోదు. ఎవరికి ఇచ్చినా ఒక మాట చెప్పి ఇవ్వాలి: రంగు మారుతుంది, భయపడొద్దు. ఆ రోజు నేను అవ్వ షుగర్ రేకులు రెండుసార్లు లెక్కపెట్టాను. ఎవరికీ రానంత కచ్చితంగా ఈమెకు లెక్క ఎలా వస్తోంది, బిళ్ళలు తీసి పారేస్తోందేమో అని అనుమానం. ఈలోపల బస్సు టైమైందని అవ్వ లేచింది. మంట బిళ్ళలు చేతిలో పెట్టి పంపేశాను. చెప్పాల్సిన మాట చెప్పలేదు.

కొడుకును వరండాలోకి పిలిచాను. మెల్లగా అంతా చెప్పాను. తప్పు నాదని, కోడలి తప్పు ఏమీ లేదని చెప్పాను.

"మరి ఆ బిళ్ళలెందుకు మేడం దానికి?"

"అవి ఆమె ఆరోగ్యానికి ఆమె డాక్టరు రాసినవి. వాటితో మీ అమ్మకు ఏమీ కాలేదు. ఎందుకో చెప్పాలో వద్దో ఆమె ఇష్టం. నువ్వు మాత్రం వాళ్ళ నాయనను రావద్దని చెప్పు."

వాడు తల గోక్కుని, ఫోన్ తీసుకుని మెట్లు దిగిపోయాడు. వెనక్కి తిరిగితే తలుపు పక్కన కోడలు ఉంది. అంతా వింది. నేను జేబులోంచి రేకు తీసి ఆమెకు ఇచ్చాను. ఏమైనా అంటుందని నిలబడ్డాను. థాంక్స్ అంటుందని కూడా అనుకున్నానేమో, తెలియదు.

"నిన్న అందరి ముందర గట్టిగా అడిగినారు మేడం," అంది. "ఇయ్యాల వరండాలో మెల్లగా చెప్తుండారు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. కోపం కూడా వచ్చింది, దాచుకోను. పక్క గదిలో డాక్టరు ఉన్నారు, నా ఉద్యోగం ఉంది, ఇరవై ఏళ్ళ పేరు ఉంది. అవన్నీ తలుచుకుంటూనే వార్డులోకి నడిచాను. మంచాల మధ్య నిలబడి, నిన్నటి గొంతుతోనే మొదలుపెట్టాను.

"అందరూ వినండి. నిన్న ఈ అమ్మాయిని నేను అడిగింది తప్పు. ఈమె అత్తకు ఏమీ పెట్టలేదు. ఆ బిళ్ళలు ఈమె సొంతవే, వాటికీ దీనికీ సంబంధం లేదు. అవ్వకు ఉచ్చ రంగు మారింది నేనిచ్చిన బిళ్ళ వల్ల. మారుతుందని ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు. అందుకే అవ్వ భయపడి అన్నం మానేసింది, అన్నం మానేసినందుకే పడిపోయింది."

డాక్టరు వాకిలి దాకా వచ్చి నిలబడ్డారు. అవ్వ సగం తిన్న పండు చేతిలో పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే మందు పెట్టింది నువ్వా!"

కిటికీ పక్క మంచంలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు.

"అవునవ్వా, నేనే."

అవ్వ కోడలి వైపు తిరిగి, "ఏందే అట్టా నిలబడుండావు? ఆకలేస్తా ఉండాది" అంది. కోడలు పొద్దున తెచ్చిన కొత్త బాక్సు మూత తీసింది. పప్పన్నం, కాస్త వంకాయ కూర. అవ్వ వేళ్ళతో ముద్ద కలిపింది, నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. ఆ ముద్ద నా వైపు చాపింది.

"ముందు నువ్వు తిను."

అందరూ చూస్తుండగా తిన్నాను. నేను మింగేదాకా చూసి, అప్పుడు అవ్వ తినింది.